సంఘంలో పొత్తు కుదరనప్పుడు: పుస్తకం సరిచేయాలా, లీడర్ని మార్చాలా, విడిపోవాలా?

డ్వాక్రా సంఘంలో గొడవ మొదలైందంటే చుట్టుపక్కల వాళ్లు చెప్పే సలహాలు రెండే. "లీడర్ని మార్చేయండి" అని కొందరు, "ఆ గ్రూపు వదిలేసి వేరే గ్రూపు పెట్టుకోండి" అని మరికొందరు. రెండూ పెద్ద నిర్ణయాలే. ఒకసారి తీసుకున్నాక వెనక్కి రావడం కష్టం. వీటికంటే తక్కువ నష్టంతో దారికి వచ్చే మార్గాలు ఉండగా నేరుగా వీటి దగ్గరికే వెళ్లడం వల్ల, ఏళ్ల తరబడి బాగా నడిచిన సంఘాలు చెదిరిపోవడం చూస్తున్నాను. అది చూసినప్పుడల్లా బాధేస్తుంది. పది, పన్నెండు మంది ఆడవాళ్లు నెలనెలా కూలి డబ్బుల్లోంచి తీసి దాచుకున్న నమ్మకం అది.

అందుకే సంఘం కలిసి పనిచేయలేకపోతున్నప్పుడు మన ముందున్న దారులు ఏవి, ఒక్కోదానికి ఎంత ఖర్చు, ఏ పరిస్థితికి ఏది సరిపోతుంది అన్నది ఇక్కడ పోల్చి చెప్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గొడవ ఇద్దరు మనుషుల మధ్య ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ దాని మొదలు వెతికితే చాలాసార్లు రెండింట్లో ఒకటి బయటపడుతుంది: లెక్క అందరికీ తెలియకపోవడం, లేదా ఎవరు ఎంత పని చేశారో కొలిచే పద్ధతి లేకపోవడం. ఈ రెండూ సరిచేయకుండా మనుషుల్ని మారిస్తే, కొత్త మనుషులతో అదే గొడవ మళ్లీ వస్తుంది.

ముందు ఎక్కడ తెగిందో చూడండి

పంచసూత్రాలు సంఘాల్లో అందరికీ నోటికి వచ్చినవే: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు (సంఘం డబ్బులోంచి సభ్యులకు ఇచ్చేవి), సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఈ ఐదింటిలో మొదట ఏది ఆగిపోయిందో గుర్తు చేసుకోండి. దాదాపు ప్రతిచోటా మొదట ఆగేది సమావేశమే. లీడరు ఇంటింటికీ తిరిగి డబ్బులు వసూలు చేయడం మొదలవుతుంది. తీర్మానం పుస్తకం కూడా ఇంటికే వస్తుంది, వంట మధ్యలో చేయి తుడుచుకుని సంతకం పెట్టేస్తారు. అందరికీ సౌకర్యంగానే ఉంటుంది. ఆర్నెల్లు పోయాక ఎవరి బాకీ ఎంతో లీడరుకు, లెక్కలు రాసే యానిమేటరుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అనుమానం మొదలయ్యేది అక్కడే.

రెండో గుర్తు బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంది. నెల వాయిదా సంఘం ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యేలా పెట్టుకున్న చోట, ఇద్దరు ముగ్గురు కట్టకపోయినా వాయిదా ఆగదు. మిగతావాళ్ల పొదుపులోంచి పోతుంది. పైకి సంఘం బాగానే ఉన్నట్టు ఉంటుంది, లోపల పొదుపు కరిగిపోతూ ఉంటుంది. ఒకరోజు ఎవరో పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుంటే విషయం బయటపడి పెద్ద రచ్చ అవుతుంది.

ఇక మూడోది, అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది: కట్టని సభ్యురాలు కట్టలేకపోతోందా, కావాలనే కట్టడం లేదా? ఇంట్లో ఆస్పత్రి ఖర్చు వచ్చిందా, ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ దగ్గర వారం వారం కట్టే అప్పు ఇంకోటి తీసుకుందా? 2010లో సూక్ష్మరుణ సంస్థల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చే నాటికి ఒక్కో ఇంట్లో మూడు నాలుగు చోట్ల అప్పులు ఉండటం మామూలైపోయింది. ఇప్పుడు ఫోన్ యాప్‌ల అప్పులు తోడయ్యాయి. కట్టలేని మనిషిని మొండి మనిషిలా చూస్తే ఆమె సమావేశానికి రావడం మానేస్తుంది. అప్పుడు డబ్బూ రాదు, మనిషీ రాదు. ఆమెకు వాయిదా తగ్గించి గడువు పెంచడం సంఘం చేతిలో ఉన్న పని. ఒక తీర్మానం చాలు. మొండికేసిన మనిషి విషయం వేరు, దానికి బయటి మాట అవసరమవుతుంది. అది కింద చెప్తాను.

పుస్తకం సరిచేసి సమావేశం నిలబెట్టడం

ఐదు దారుల్లో నేను మొదట ఎంచుకునేది ఇదే. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ఒకటి రెండు సమావేశాల సమయం, కాస్త ఓపిక కావాలి. అందరూ ఉన్నప్పుడు మూడు రకాల కాగితాలు మధ్యలో పెట్టాలి: బ్యాంకు స్టేట్‌మెంటు, సంఘం పుస్తకాలు, సభ్యుల పాస్‌బుక్కులు. ఒక్కో సభ్యురాలి పేరు చదివి, పొదుపు ఎంత, సంఘం అప్పులో బాకీ ఎంత, బ్యాంకు అప్పులో ఆమె వాటా ఎంత మిగిలింది, అన్నీ పైకి చదవాలి. చదువు రాని వాళ్లు ఉన్న సంఘంలో పైకి చదవడమే పుస్తకం.

ఎవరైనా "అక్కా, నేను పోయిన నెల కట్టిన వెయ్యి ఇందులో లేదు కదా" అని అంటే అక్కడే ఆగాలి. తర్వాత చూద్దాం అనుకోవద్దు. ఆ వెయ్యి ఎక్కడుందో తేలాకే తర్వాతి పేరు చదవాలి. చాలాసార్లు అది ఇంకొకరి పేరు మీద పడి ఉంటుంది, లేదా రాయడం మర్చిపోయి ఉంటారు. లీడరు మీద నెలలుగా ఉన్న అనుమానం అలా పది నిమిషాల్లో పోవడం సాధ్యమే.

తర్వాత నుంచి పద్ధతి ఇలా పెట్టుకోండి: డబ్బు సమావేశంలోనే, అందరి ముందే లెక్కపెట్టాలి. పాస్‌బుక్కులో ఆ రోజే రాయాలి. ఇంటి దగ్గర వసూలు బంద్. రాలేనివాళ్లు ఇంకొకరి చేత పంపించవచ్చు, కానీ ఆలస్యానికి పెట్టుకున్న జరిమానా లీడరుకైనా సరే ఒకటే. సంఘం లెక్కలు ఫోన్ యాప్‌లో ఎక్కించడం మంచిదే, అయితే యాప్‌లో ఉంది కదా అని చేతి పుస్తకం మానేయకండి. ఫోన్ ఒకరి చేతిలో ఉంటుంది, పుస్తకం అందరి మధ్య ఉంటుంది.

ఈ దారికి ఇంకో పెద్ద లాభం ఉంది, చాలామందికి తెలియదు. బ్యాంకు అప్పుకు అర్హత రావాలంటే సంఘం కనీసం 6 నెలలుగా చురుగ్గా నడుస్తూ ఉండాలి. ఆ 6 నెలలు బ్యాంకు ఖాతా తెరిచిన తేదీ నుంచి లెక్క కాదు, సంఘం పుస్తకాల ప్రకారం లెక్క. ఆగిపోయిన పాత సంఘాన్ని మళ్లీ లేపితే మాత్రం కనీసం 3 నెలలు చురుగ్గా నడిస్తే చాలని ఆర్‌బీఐ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే కొత్త సంఘం పెట్టుకోవడం కంటే పాతదాన్ని నిలబెట్టుకోవడమే అప్పుకు దగ్గరి దారి.

ఇది ఎక్కడ పనిచేయదు? లెక్క తేల్చాక డబ్బు నిజంగానే ఎవరో వాడుకున్నారని తెలిసినప్పుడు. అప్పుడు దాన్ని లోలోపల సర్దేయకండి. ఎంత మొత్తం, ఎప్పటిలోగా తిరిగి ఇస్తారు అన్నది తీర్మానంలో రాసి, ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘానికి తెలియజేయాలి.

లీడర్లను మార్చడం

లెక్క సరిగ్గా ఉండి కూడా నిర్ణయాలన్నీ ఒక్కరే తీసుకుంటున్నప్పుడు, అప్పు ఎవరికి ముందు ఇవ్వాలన్నది ఎప్పుడూ ఆమె దగ్గరివాళ్ల వైపే మొగ్గుతున్నప్పుడు లీడరు మార్పు సరైన మందు. లెక్క తేలకముందు మాత్రం వద్దు. తేలకుండా మారిస్తే పాత లీడరు జవాబు చెప్పకుండా తప్పుకుంటుంది, కొత్త లీడరు తనకు తెలియని చిక్కుముడికి జవాబుదారీ అవుతుంది.

చాలా సంఘాల్లో ఏళ్లపాటు ఒకే లీడరు ఉండటానికి కారణం ఆమె పదవి వదలకపోవడం అనుకుంటాం. ఎక్కువచోట్ల ఇంకెవరూ ముందుకు రాకపోవడమే అసలు కారణం. బ్యాంకుకు వెళ్లిన రోజు కూలి పోతుంది, మండలం మీటింగుకు వెళ్తే ఇంకో రోజు పోతుంది. ఆ రోజుల ఖర్చు సంఘం ఇస్తుందా? ఇవ్వకపోతే కొత్త లీడరు కూడా ఏడాదికే విసిగిపోతుంది. ఆటో చార్జీ, పోయిన కూలిలో కొంత సంఘం ఆదాయంలోంచి ఇస్తామని ముందే తీర్మానం చేసుకుంటే ముందుకొచ్చేవాళ్లు దొరుకుతారు.

ఇద్దరు లీడర్లనూ ఒకేసారి మార్చడమా, ఒక్కొక్కర్నీ మార్చడమా అంటే నేను రెండోదే చెప్తాను. రెండో లీడరు మొదటి లీడరు అవుతుంది, కొత్త సభ్యురాలు రెండో లీడరుగా వస్తుంది. బ్యాంకు పని తెలిసిన మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. బ్యాంకులో సంతకాలు మార్చడానికి తీర్మానం నకలు, కొత్త లీడర్ల కేవైసీ కాగితాలు కావాలి. సభ్యులందరి కాగితాలూ తెమ్మంటే, బాధ్యుల కేవైసీ సరిపోతుందన్న ఆర్‌బీఐ నిబంధన ఉందని మర్యాదగా గుర్తు చేయండి.

బయటి మనిషిని కూర్చోబెట్టడం

కొన్ని మాటలు లోపలివాళ్లు అంటే గొడవ, బయటివాళ్లు అంటే సలహా. మొండి బాకీ విషయంలో, రెండు ఇళ్ల మధ్య పాత పగ సంఘంలోకి వచ్చినప్పుడు ఈ దారి అవసరం. ఎవర్ని పిలవాలన్నదే అసలు ఎంపిక.

గ్రామ సంఘం ఓబీలు (పదవుల్లో ఉన్నవాళ్లు) దగ్గరివాళ్లు, కానీ వాళ్లూ అదే ఊరివాళ్లు కాబట్టి ఎవరో ఒకరి పక్షమని అనుమానం వస్తుంది. సంఘాల పని చూసే సిబ్బంది, అంటే సీసీ, తటస్థంగా ఉంటారు, అయితే ఆమెకు చూసుకోవాల్సిన సంఘాలు చాలా ఉంటాయి, ఒక పూట కంటే ఎక్కువ ఇవ్వలేరు. నా లెక్కలో అన్నిటికంటే మంచి ఎంపిక పక్క ఊళ్లో బాగా నడుస్తున్న సంఘం నుంచి అనుభవమున్న లీడరు. ఆమె కూడా ఇలాంటివి దాటి వచ్చిన మనిషే కాబట్టి మాట నిలుస్తుంది. ఇది కొత్త ఆలోచనేం కాదు. ఆంధ్ర పల్లెల్లోని సంఘాల నుంచి సీఆర్పీలుగా (వేరే సంఘాలకు నేర్పే అనుభవజ్ఞులుగా) ఎదిగిన ఆడవాళ్లు బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, భాష సరిగా రాకపోయినా అక్కడ సంఘాలు నిలబెట్టారు. వాళ్ల దగ్గర ఉన్నది సొంత అనుభవం.

సభ్యుల భర్తలను, ఊళ్లో రాజకీయ నాయకులను మాత్రం ఈ పంచాయితీకి పిలవకండి. పిలిచిన రోజు నుంచి సంఘం గొడవ ఊరి గొడవ అవుతుంది.

పని పంచుకునే పద్ధతి మార్చడం

పొదుపు, అప్పు వరకు బాగా నడిచిన సంఘాలు కూడా కలిసి వ్యాపారం మొదలుపెట్టాక గొడవ పడతాయి. ఇది మనుషుల తప్పు కాదు. పొదుపు లెక్క సులువు, అందరూ నెలకు 200 కడితే అందరిదీ సమానమే. పచ్చళ్లు పెట్టడంలోనో, యూనిఫారాలు కుట్టడంలోనో ఎవరు ఎంత చేశారన్నది సమానంగా ఉండదు. "నేను పొద్దున్నుంచి మిషను మీద కూర్చున్నా, ఆమె మధ్యాహ్నం వచ్చింది, డబ్బులు మాత్రం సమానం" అన్న మాట వచ్చిందంటే అక్కడ కావాల్సింది ఐక్యత గురించి ఉపన్యాసం కాదు, కొలత.

ఇక్కడ మూడు పద్ధతులు ఉన్నాయి.

ఒకటి, అన్నీ కలిసి చేసి లాభం సమానంగా పంచుకోవడం. నలుగురైదుగురు ఉండి, అందరూ ఒకే పని, ఒకే సమయం పెట్టగలిగితే ఇది చక్కగా నడుస్తుంది. పన్నెండు మందితో నడవడం చాలా కష్టం. ఉమ్మడి వ్యవసాయం మీద కేరళ, తెలంగాణలో ఆర్థికవేత్త బీనా అగర్వాల్ చేసిన పరిశోధనలో కేరళ మహిళా బృందాలు ఒంటరిగా సాగు చేసే కుటుంబాల కంటే బాగా ముందున్నాయి. తెలంగాణ బృందాలకు ఎకరా దిగుబడి విలువ అంతగా రాకపోయినా, కూలి ఖర్చు తగ్గడంతో నికర ఆదాయంలో ఒంటరి రైతులతో సమానంగా నిలిచాయి. కేరళలో మహిళా సంఘాల కార్యక్రమమైన కుటుంబశ్రీలో సాగు చేసే బృందాలు 4 నుంచి 10 మందితో ఉంటాయి. తేడాకు పంటలు, ప్రభుత్వ మద్దతు లాంటి కారణాలు చాలా ఉన్నాయి, నిజమే. అయినా కలిసి ఒళ్లు వంచే పనికి చిన్న బృందం మేలు అన్నది మన ఊళ్లలోనూ కనిపించేదే. సంఘం పన్నెండు మందిదే ఉండనివ్వండి, అందులో వ్యాపారం ఐదుగురు చేయొచ్చు. మిగతావాళ్లు చేరాలన్న పట్టింపు వద్దు.

రెండోది, కొనడం అమ్మడం కలిసి, పని ఎవరిది వాళ్లది. 1959లో ముంబయి గిర్గావ్‌లో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్ నడిచేది ఇలాగే. పిండి ఒకచోట కలుపుతారు, ఎవరి ఇంట్లో వాళ్లు వత్తుతారు, తెచ్చి ఇచ్చిన అప్పడాలను తూకం వేసి దానికి తగ్గ డబ్బు ఇస్తారు. మన దగ్గర ముల్కనూరు మహిళా డెయిరీ చూడండి, స్వకృషి పేరుతో పాలు అమ్ముతుంది. గేదె ఎవరిది వాళ్లదే, కొలిచి పోసిన పాలకే డబ్బు. ఒకరు ఎక్కువ పోస్తే ఇంకొకరికి కోపం రావాల్సిన పనే లేదు. కుట్టుపనికి కూడా ఇదే సరిపోతుంది: బట్ట కలిసి కొనండి, కటింగు ఒకరిద్దరికి అప్పగించి దానికి వేరే రేటు పెట్టండి, కుట్టడం జతకు ఇంత అని ఇంటి దగ్గరే చేయనివ్వండి. నాణ్యత చూసే మనిషి మాత్రం కుట్టే మనిషి కాకూడదు. ఒకవేళ చిన్న సంఘంలో తప్పదనుకుంటే నెలకొకరు మారాలి.

చాలా సంఘాలకు నేను సిఫారసు చేసేది ఈ రెండో పద్ధతే. దీనిలో నష్టం ఒకటుంది, అది కూడా చెప్పాలి. ఒంట్లో బాగాలేనివాళ్లకు, పసిపిల్లల తల్లులకు ఆదాయం పడిపోతుంది. లాభంలో కొంత భాగాన్ని పని లెక్కతో సంబంధం లేకుండా అందరికీ సమానంగా పంచితే ఆ లోటు కొంత తీరుతుంది.

మూడోది, వంతులవారీ పని. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీలకు ఇది సహజంగా కుదురుతుంది, పిల్లలకు రోజూ ఒంటిగంటకల్లా వేడి అన్నం పెట్టాలి కాబట్టి ఎవరు ఏ రోజు అన్నది ఖాయంగా ఉండాలి. ఇక్కడ గొడవ వంతుల మీద రాదు, బిల్లులు ఆలస్యమైనప్పుడు కిరాణా కొట్టులో ఎవరి పేరు మీద అప్పు పెట్టాలన్న దాని మీద వస్తుంది. ఎప్పుడూ ఒక్కరి పేరు మీదే పెడితే ఆ భారం, ఆ టెన్షన్ ఆమె ఒక్కతే మోస్తుంది. కొట్టు ఖాతా ఏజెన్సీ పేరు మీద ఉండాలి, బాకీ ఎంతుందో వారం వారం అందరికీ తెలియాలి.

విడిపోవడం

ఇన్నీ చేసి చూశాక కూడా కుదరకపోతే విడిపోవడంలో తప్పేమీ లేదు. బలవంతంగా కూర్చోబెట్టిన సంఘం కంటే అది మేలు. అయితే ఒక్క సభ్యురాలు బయటకు వెళ్లడం, సంఘం రెండుగా చీలడం ఈ రెండూ ఒకటి కావు.

చీలడం గురించి ముందు. సంఘంలో సాధారణంగా 10 నుంచి 20 మంది ఉండాలి. కొండ ప్రాంతాలు, దివ్యాంగుల సంఘాల లాంటి వాటికే 5 మందితో వెసులుబాటు. పన్నెండు మంది ఆరుగురు ఆరుగురుగా విడిపోతే రెండు ముక్కలూ సరిపోవు, రెండు వైపులా కొత్తవాళ్లను వెతకాలి. కొత్త పేరుతో మొదలైన సంఘం 6 నెలల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పాత సంఘం ఏళ్లుగా సంపాదించుకున్న చెల్లింపు చరిత్ర కొత్తదానికి రాదు, అందువల్ల మొదటి అప్పు చిన్నదే వస్తుంది. అప్పు సకాలంలో కడితేనే వచ్చే వడ్డీ రాయితీ కూడా ఈ గందరగోళంలో ఒకటి రెండు వాయిదాలు తప్పితే పోతుంది. ఇవన్నీ ముందు కాగితం మీద రాసుకుని, అప్పుడు కూడా విడిపోవాలనే అనిపిస్తే, బ్యాంకు అప్పు తీరే నెల చూసుకుని విడిపోండి. మధ్యలో వద్దు.

ఒక్కరు వెళ్లాలనుకుంటే పని సులువు, లెక్క మాత్రం స్పష్టంగా ఉండాలి. ఉదాహరణకు పన్నెండు మంది సంఘం, నెలకు 200 చొప్పున 5 ఏళ్ల పొదుపు అనుకుందాం. వెళ్లే మనిషి పొదుపు 12,000. అంతర్గత అప్పుల వడ్డీ, జరిమానాల మీద సంఘానికి 36,000 మిగిలి ఉంటే ఆమె వాటా 3,000. కలిపి 15,000. సంఘానికి ఆమె బాకీ 9,000 తీసేస్తే 6,000 ఆమెకు రావాలి. కానీ బ్యాంకు అప్పులో ఆమె వాటా ఇంకా 18,000 ఉందనుకోండి, అప్పుడు ఆమే 12,000 తెచ్చి కట్టాలి. పొదుపు చేతికి ఇచ్చేసి, "బ్యాంకుది నెలనెలా కడతాలే" అన్న మాట మీద పంపిస్తే, ఆ వాయిదాలు మిగతా పదకొండు మంది మీద పడతాయి. సంఘం అప్పుకు సంఘమే బాధ్యత.

వేరే రకం బాకీ గురించి కూడా ఒక మాట. ఒకరిద్దరు సభ్యులో వాళ్ల ఇంట్లోవాళ్లో సొంత అప్పు బ్యాంకుకు ఎగ్గొట్టారన్న కారణంతో, సంఘం బాకీ పడనంత వరకు, సంఘానికి అప్పు ఆపకూడదన్నదే సాధారణ నిబంధన. కాబట్టి "ఆమె భర్తకు పంట రుణం బాకీ ఉంది, ఆమెను తీసేస్తే తప్ప మనకు అప్పు రాదు" అని ఎవరైనా అంటే నమ్మి ఆమెను పంపేయకండి. ముందు సీసీని వెంట తీసుకుని బ్యాంకు మేనేజరుతో మాట్లాడండి.

నిజంగానే వెళ్తున్న సభ్యురాలికి లెక్క తేల్చి, తీర్మానం పుస్తకంలో ఆ అంకెలన్నీ రాసి, ఆమె సంతకం, మిగతా అందరి సంతకాలు తీసుకోండి. బాకీ ఏమీ లేదని రాసిన చీటీ ఆమెకు ఇవ్వండి, వేరే సంఘంలో చేరేటప్పుడు అడుగుతారు. తీర్మానం నకలు ఒకటి గ్రామ సంఘానికి, ఒకటి బ్యాంకుకు అదే వారంలో చేరాలి. ఆమె లీడర్లలో ఒకరైతే, కొత్త సంతకాలు బ్యాంకులో ఎక్కే వరకు ఆమె చేతికి పొదుపు డబ్బు ఇవ్వకుండా ఆగండి, ఆ మాట ఆమెతో ముందే చెప్పండి.